ఇంజిన్ బేరింగ్ అరిగితే: శబ్దం నుంచి షెల్ దాకా

‘బేరింగ్ పోయింది, ఇంజిన్ దింపాలి.’ కారు కాస్త టకటకమంటే చాలు, గ్యారేజీలో ముందుగా వినిపించే మాట ఇది. దీనితో నష్టం రెండు రకాలుగా జరుగుతుంది. బేరింగ్ బాగానే ఉన్న ఇంజిన్‌ను అనవసరంగా విప్పడం ఒకటి. నిజంగానే పోయిన చోట పాత షెల్స్ (బేరింగ్‌గా పనిచేసే అర్ధవృత్తపు రేకులు) ఎందుకు పోయాయో చూడకుండా కొత్తవి వేసి మూసెయ్యడం రెండోది. జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఈ రెండోదే. మొదటి సెట్టును తినేసిన కారణం ఇంజిన్‌లోనే మిగిలి ఉంటుంది కాబట్టి రెండో సెట్టునూ తింటుంది. ఈ పని మొత్తంలో షెల్స్ చాలా చవకైన భాగం. అసలు ఖర్చంతా ఇంజిన్ విప్పి బిగించే కూలీలో, క్రాంకు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) గ్రైండింగులో ఉంటుంది.

క్రాంకును మోసేది ఆయిల్

కారు ఇంజిన్‌లో క్రాంకు తిరిగేది బాల్ బేరింగుల మీద కాదు, రెండేసి సగాలుగా వచ్చే షెల్స్ మధ్య. షెల్‌కు వెనక ఉక్కు రేకు, దాని మీద రాగి-సీసం లేదా అల్యూమినియం-తగరం మిశ్రమం ఉంటాయి. చాలా రకాల్లో ఆ పైన ఇంకా మెత్తటి పలుచని పూత కూడా ఉంటుంది. బ్లాకులో క్రాంకును పట్టుకునేవి మెయిన్ బేరింగులు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండేవి బిగ్ ఎండ్ బేరింగులు. క్రాంకు ముందుకూ వెనక్కూ జరగకుండా థ్రస్ట్ వాషర్లు ఆపుతాయి.

అన్నీ బాగున్నప్పుడు క్రాంకు జర్నల్ (షెల్స్ మధ్య తిరిగే గుండ్రటి భాగం) షెల్‌ను తాకదు. వాన నీళ్ల మీద వేగంగా వెళ్లే టైరు రోడ్డును వదిలి తేలినట్టు, జర్నల్ కూడా ఆయిల్ పొర మీద తేలుతుంది. చాలామంది అనుకున్నట్టు దాన్ని లేపేది ఆయిల్ పంపు కాదు. పంపు పని ఆయిల్‌ను అక్కడి దాకా చేర్చడమే. తిరిగే జర్నల్ ఆ ఆయిల్‌ను ఇరుకైన వైపు లాక్కెళ్లినప్పుడు లోపల వందల బార్ల ప్రెషర్ పుడుతుంది. బరువు మోసేది ఆ ప్రెషర్.

ఆ బరువు ఎంతో తెలియాలంటే మన రోడ్ల మీద బాగా తిరిగిన ఇంజిన్‌నే తీసుకుందాం. 2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేసే దాకా స్విఫ్ట్, డిజైర్లలో వచ్చిన ఫియట్ 1.3 లీటర్ మల్టీజెట్ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 69.6 మి.మీ. సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు పీక్ ప్రెషర్ 150 బార్ అనుకుంటే పిస్టన్ మీద పడేది దాదాపు 57,000 న్యూటన్లు, అంటే ఐదున్నర టన్నుల పైమాటే. అరచేతిలో పట్టే షెల్ జతలో పై ముక్క ప్రతి పవర్ స్ట్రోక్‌కూ ఆ దెబ్బ కాయాలి. అడ్డుగా ఉన్న ఆయిల్ పొర ఆ క్షణంలో ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పలచబడుతుంది.

ఇక్కడ క్లియరెన్స్, అంటే జర్నల్‌కూ షెల్‌కూ మధ్య గ్యాప్ లెక్క ముఖ్యం. జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు గ్యాప్ ఉండాలన్నది మెషిన్ షాపుల పాత సూత్రం. 45 మి.మీ. జర్నల్‌కు 0.045 మి.మీ. అన్నమాట. ఇప్పటి ఇంజిన్లలో చాలావాటికి ఇంతకన్నా తక్కువే ఉంటుంది కాబట్టి చివరి మాట సర్వీస్ మాన్యువల్‌దే. అరుగుదలతో ఈ గ్యాప్ రెట్టింపైతే పక్కల నుంచి జారిపోయే ఆయిల్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ప్రవాహం గ్యాప్ ఘనాన్ని బట్టి పెరుగుతుంది మరి. ఒక్క బేరింగ్ బాగా అరిగినా మొత్తం ఇంజిన్ ప్రెషర్ పడిపోవడానికి కారణం ఇదే. ఆయిల్ ముందు మెయిన్ బేరింగులకు చేరి, అక్కడి నుంచి క్రాంకులోని సన్నని దారుల గుండా బిగ్ ఎండ్‌కు వెళుతుంది. పంటకాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి భూములే కదా, చాలా ఇంజిన్లలో ముందు పోయేది కూడా బిగ్ ఎండ్ బేరింగులే.

ఆయిల్ లైట్ వెలిగే సరికే ఆలస్యం

డాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ లైట్‌ను వెలిగించే స్విచ్ సాధారణంగా 0.3 నుంచి 0.5 బార్ మధ్య పనిచేస్తుంది. అంటే ప్రెషర్ దాదాపు మొత్తం పోయాకే అది చెబుతుంది. లైట్ వెలగడం లేదు కాబట్టి ప్రెషర్ బాగుందనుకోకూడదు. వెలిగితే మాత్రం ‘దగ్గర్లో మెకానిక్ ఉన్నాడు, అక్కడి దాకా మెల్లగా పోదాం’ అనుకోవద్దు. పక్కకు ఆపి ఇంజిన్ కట్టేసి, కారును తాడేసి లాగించాలి. ఆ చివరి రెండు కిలోమీటర్లలోనే షెల్స్‌తో పోయే ఖర్చు క్రాంకు దాకా, ఒక్కోసారి రాడ్ విరిగి బ్లాకుకు బొక్క పడే దాకా వెళుతుంది.

అసలు పరీక్ష స్విచ్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి చూడటం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఐడిల్‌లో ఒకసారి, 2000, 3000 ఆర్‌పీఎంల దగ్గర ఒక్కోసారి రీడింగ్ రాసుకోవాలి. మాన్యువల్ అంకె దొరక్కపోతే ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 0.7 బార్ అన్నది పనికొచ్చే కొలమానం. అంకె కన్నా అది మారే తీరు ఎక్కువ చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగుండి, వేడెక్కాక ఐడిల్‌లో కుప్పకూలుతుంటే క్లియరెన్సులు పెరిగాయని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడే తక్కువగా ఉంటే పంపు అరిగిందా, రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేది) తెరుచుకుని ఇరుక్కుందా, స్ట్రెయినర్ (పంపు ఆయిల్ పీల్చే చోటి జాలి) మూసుకుందా అన్నవి ముందు చూడాలి. రేజ్ చేసినప్పుడు ప్రెషర్ పెరగాల్సింది పోయి ఊగిసలాడితే స్ట్రెయినర్ పైపు దగ్గరి ఓ-రింగ్ గాలి పీలుస్తోందేమో చూడండి. ఓ-రింగ్ మార్చితే పోయేదానికి ఇంజిన్ దింపిన కేసులు తక్కువేమీ కాదు.

ఏ శబ్దం దేనిది

బిగ్ ఎండ్ శబ్దం గట్టి ‘టక్ టక్’. ఇంజిన్ వేడెక్కే కొద్దీ పెరుగుతుంది. న్యూట్రల్‌లో 2000–2500 దాకా రేజ్ చేసి యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో బాగా బయటపడుతుంది. రాడ్ మీద బరువు తోపు నుంచి లాగుడుకు మారేది అప్పుడే, గ్యాప్ ఉంటే అటు నుంచి ఇటు కొట్టుకునేదీ అప్పుడే. మెయిన్ బేరింగ్‌ది బరువైన ‘ధబ్ ధబ్’. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, లోడ్ మీద ఎక్కువ. చెవికన్నా ముందు కాలి కింద ఫ్లోర్ చెబుతుంది. పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకునే శబ్దం) పొద్దున చల్లటి ఇంజిన్‌లో వినిపించి, వేడెక్కగానే తగ్గుతుంది. ట్యాపెట్ (వాల్వులను తెరిచే భాగం) శబ్దం ఇంజిన్ పై భాగం నుంచి, క్రాంకు వేగంలో సగం లయతో వస్తుంది. స్టెతస్కోప్ గానీ పొడుగాటి స్క్రూడ్రైవర్ గానీ ఆనించి ఒకసారి హెడ్ (సిలిండర్ల పై మూత) మీద, ఒకసారి చాంబర్ (కింద ఆయిల్ నిలిచే తొట్టి) మీద వింటే పైదో కిందదో తేలిపోతుంది.

బేరింగ్ అనిపించుకునే దొంగ శబ్దాలు చాలానే ఉన్నాయి: వదులైన క్రాంకు పుల్లీ, సాగిన టైమింగ్ చైన్, అరిగిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, ఆటోమేటిక్ కార్లలో చీలిన ఫ్లెక్స్ ప్లేట్. క్లచ్ తొక్కితే శబ్దం మారుతుంటే ఫ్లైవీల్, క్లచ్ వైపు చూడాలి, థ్రస్ట్ వాషర్‌నూ లెక్కలో ఉంచుకోవాలి. క్లచ్ తొక్కడమంటే క్రాంకును ముందుకు నెట్టడమే. క్రాంకు పుల్లీకి డయల్ గేజ్ ఆనించి, పుల్లీని ముందుకూ వెనక్కూ లివర్‌తో కదిపితే ఎండ్ ప్లే (క్రాంకు ముందుకూ వెనక్కూ జరిగే దూరం) ఎంతో తెలుస్తుంది. 0.1 నుంచి 0.3 మి.మీ. మధ్య ఉండటం మామూలు. కంటికే కదలిక కనబడితే వాషర్లు అయిపోయినట్టే. సిగ్నల్ దగ్గర గేరులో పెట్టి క్లచ్ తొక్కి కూర్చునే అలవాటు వీటికి మంచిది కాదు.

ఏ సిలిండర్‌దో తెలియడానికి ఒక్కో సిలిండర్‌ను ఆపి చూస్తారు. పెట్రోల్ ఇంజిన్‌లో కాయిల్ లేదా ఇంజెక్టర్ కప్లర్ తీస్తే చాలు. ఆ సిలిండర్ ఆపగానే శబ్దం తగ్గితే బిగ్ ఎండ్ అనుమానం బలపడుతుంది. కామన్ రైల్ డీజిల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఎక్కువ ప్రెషర్ పైపు, అంటే రైలు, నుంచి డీజిల్ అందే రకం) పాతకాలం లాగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయకూడదు. రైల్లో ప్రెషర్ 1600 బార్ దాకా, కొన్నింట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది, ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. స్కానర్‌తో సిలిండర్ కటాఫ్ చేయాలి. డీజిల్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. ఇంజెక్టర్ నాకింగ్ ఉన్నా ఆ సిలిండర్ ఆపగానే శబ్దం పోతుంది. కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. స్కానర్లో ఆ ఇంజెక్టర్ కరెక్షన్ అంకె మిగతా మూడింటికీ దూరంగా ఉండి, శబ్దం హెడ్ మీదే గట్టిగా వినిపిస్తే ముందు ఇంజెక్టర్‌ను టెస్ట్ బెంచికి పంపండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇక్కడో మాట. చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన బేరింగ్ కొన్నాళ్లు నోరు మూసుకుంటుంది. 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 ఉంటే ఎందుకని అడగండి. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా, కనీసం ముప్పావు గంట నడిపాక మళ్లీ ఐడిల్‌లో వినండి.

ఫిల్టర్ కోసి చూడండి

చాంబర్ విప్పకముందే దొరికే గట్టి సాక్ష్యం ఆయిల్ ఫిల్టర్‌లో ఉంటుంది. డబ్బా ఫిల్టర్ అయితే ఫిల్టర్ కట్టర్‌తో కోయాలి. హ్యాక్సా బ్లేడుతో కోస్తే ఆ రజనే లోపల పడి మోసం చేస్తుంది. మడతల కాగితాన్ని తీసి, నొక్కి ఆయిల్ పిండి, ఎండలో పరిచి చూడండి. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము: చైన్, పంపు, క్యామ్ వైపు నుంచి వచ్చి ఉండవచ్చు. అంటుకోకుండా చదునుగా మెరిసే బూడిద రంగు పొరలు షెల్ పైపూతవి, లేదా అల్యూమినియం షెల్‌వి. రాగి, బంగారు రంగు తునకలు కనిపిస్తే పైపూత పోయి లోపలి పొర అరుగుతున్నట్టు. ఎక్కడో ఒక మెరుపు ఉంటే భయం లేదు. ప్రతి మడతలోనూ ఉంటే ఇక ఆ ఇంజిన్‌ను స్టార్ట్ చేయవద్దు.

డిప్‌స్టిక్ కూడా చూడండి. లెవెల్ పెరిగి డీజిల్ వాసన వస్తుంటే ఇంధనం ఆయిల్లో కలుస్తోంది. కారే ఇంజెక్టర్ వల్ల కావచ్చు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్-6 కార్లలో, సిటీలో చిన్న చిన్న ట్రిప్పుల వల్ల రీజెనరేషన్ (పట్టిన మసిని కాల్చేయడం) సగంలో ఆగిపోతుండటం వల్లా కావచ్చు. ఆయిల్ తెల్లగా మజ్జిగలా ఉంటే కూలెంట్ దిగుతోంది. రెండింటిలోనూ ఆయిల్ పొర బలహీనపడుతుంది.

షెల్‌ను చదవడం

చాంబర్ దించి బిగ్ ఎండ్ క్యాప్ విప్పాక షెల్స్‌ను గుడ్డతో తుడిచి పక్కన పడేయకండి. ఏ సిలిండర్‌దో, పైదో కిందదో రాసి వరుసగా పెట్టండి. జబ్బు ఎక్కడుందో చెప్పేవి అవే.

చుట్టూ సన్నటి గీతలు, మధ్యలో గుచ్చుకున్న నల్లటి చుక్కలు ఉంటే మురికి తిరిగింది. ఫిల్టర్ పనికిరానిది, లేదా అంతకుముందు ఇంజిన్ విప్పినప్పుడు శుభ్రంగా కడగలేదు. ఉపరితలం పాముకుపోయినట్టు మెరుస్తూ, లోహం అంచుల వైపు జరిగి ఉంటే ఆయిల్ అందలేదు. అన్ని షెల్సూ అలాగే ఉంటే లోపం పంపు వైపు, ఒక్కటే అలా ఉంటే ఆ జర్నల్‌కు వెళ్లే దారి మూసుకుంది. మట్టి ఎండి పగిలినట్టు చీలికలు వచ్చి ముక్కలు రాలి ఉంటే అది అలసట, అంటే ఎక్కువ లోడ్. 75 హార్స్‌పవర్ స్విఫ్ట్ డీజిల్ 2000 ఆర్‌పీఎంకే 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. నాలుగో గేరులో 1200 మీద స్పీడ్ బ్రేకర్ దాటి, గేరు మార్చకుండా పూర్తిగా తొక్కితే వేగం లేని జర్నల్ కింద ఆయిల్ పొర పలచగా ఉన్న సమయంలోనే పెద్ద దెబ్బ పడుతుంది. ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించిన కార్లలో ఈ గుర్తులు మరీ స్పష్టంగా కనబడతాయి.

షెల్ ఒక పక్క అంచున, దాని జంట షెల్ ఎదురు అంచున అరిగి ఉంటే రాడ్ వంగింది. వరద నీళ్లలో నడిపి ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు తాగిన కార్లలో ఇది తప్పక చూడాలి. సిలిండర్‌లోని నీటిని పిస్టన్ నొక్కలేదు, రాడ్ వంగుతుంది. నీళ్లు తీసేస్తే కారు మామూలుగానే స్టార్ట్ అవుతుంది, నెలల తర్వాత బేరింగ్ పోతుంది. నల్లబడి గుంటలు పడి ఉంటే ఆయిల్ ఆమ్లంగా మారింది: మార్చడం ఆలస్యమైంది, లేదా కూలెంట్ కలిసింది. వెనక ఉక్కు వైపు ఒకచోట మెరిసే మచ్చ ఉంటే బిగించేటప్పుడు షెల్ కింద ఏదో నలుసు ఇరుక్కుంది.

ఆ తర్వాత దించిన చాంబర్‌ను చూడండి. స్పీడ్ బ్రేకర్‌కో రాయికో తగిలి రేకు చాంబర్ లోపలికి నొక్కుకుంటే స్ట్రెయినర్ నోటికీ చాంబర్ అడుగుకూ మధ్య సందు పోతుంది, ఆయిల్ నిండుగా ఉన్నా పంపుకు అందదు. స్ట్రెయినర్ జాలిలో రబ్బరు పురుగుల్లాంటి ముక్కలు దొరికితే అవి గాస్కెట్ బదులు మందంగా పూసిన సిలికాన్ పేస్ట్. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది.

షెల్స్ చాలా, క్రాంకు దింపాలా

షెల్స్ మాత్రమే మార్చి బయటపడే అవకాశం ఉంది, కానీ శబ్దం ఇంకా మొదలుకాని, జర్నల్ నున్నగా ఉన్న ఇంజిన్‌లోనే. గోరు అడ్డంగా గీస్తే ఎక్కడా తట్టుకోకూడదు, మైక్రోమీటర్ కూడా ఒప్పుకోవాలి. కొట్టుకోవడం మొదలైన బిగ్ ఎండ్‌లో జర్నల్ గుండ్రదనం పోయి ఉంటుంది. కోడిగుడ్డు ఆకారపు జర్నల్‌కు గుండ్రటి కొత్త షెల్ వేస్తే చాలాసార్లు కొన్ని వందల కిలోమీటర్లకే తిరిగి వస్తుంది.

ప్రతి జర్నల్‌నూ రెండు చివర్ల దగ్గర, ఒక్కో చోట రెండు దిక్కుల్లో, మొత్తం నాలుగు రీడింగులు తీయాలి. 45.00 మి.మీ. ఉండాల్సిన జర్నల్ ఒక దిక్కున 44.97, ఇంకో దిక్కున 44.94 వచ్చిందనుకోండి. ఓవాలిటీ (గుండ్రదనంలో తేడా) 0.03 మి.మీ. చాలా మాన్యువళ్లు ఇచ్చే పరిమితి 0.01–0.02 దగ్గరే ఉంటుంది కాబట్టి ఇది గ్రైండింగుకు వెళ్లాలి. మొదటి సైజు 0.25 మి.మీ., షాపుల భాషలో పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). అంటే జర్నల్‌ను 44.75కు దించి, ఒక్కోటి 0.125 మి.మీ. ఎక్కువ మందం ఉన్న షెల్స్ వేస్తారు. గీత లోతు అందులో పోకపోతే 0.50. బిగ్ ఎండ్ నాలుగూ ఒకే సైజుకు తేవాలి, షెల్స్ సెట్టుగానే వస్తాయి. అందుకే గ్రైండింగుకు ఇచ్చేముందే రాణీగంజ్‌లోనో ఆటోనగర్లోనో ఆ సైజు షెల్స్ దొరుకుతాయో లేదో కనుక్కోండి. వీలైతే షెల్స్ చేతికొచ్చాకే క్రాంకు ఇవ్వండి.

అన్ని క్రాంకులనూ గ్రైండ్ చేయకూడదు. నైట్రైడింగ్ చేసిన (నైట్రోజన్‌తో పై పొరను గట్టిపరిచిన) క్రాంకును కోస్తే గట్టి పొర పోతుంది, మళ్లీ ట్రీట్‌మెంట్ చేయించాలి. కొన్నింటికి కంపెనీలు అండర్‌సైజ్ (గ్రైండ్ చేసిన జర్నల్‌కు సరిపోయే మందపాటి) షెల్సే ఇవ్వవు. అలాంటి వాటికి కొత్త క్రాంకే దారి. గ్రైండింగ్ అయి వచ్చాక మీరు చూడాల్సినవి: జర్నల్ పక్క మూలల్లో ఉండే గుండ్రటి వంపు అలాగే ఉందా, ఆయిల్ రంధ్రాల అంచులు నునుపుగా ఉన్నాయా, వి-బ్లాకుల మీద తిప్పితే క్రాంకు వంకర లేదు కదా. మూల పదునుగా కోస్తే క్రాంకు విరిగేది అక్కడే.

బిగింపు

షెల్ వెనక, రాడ్ లోపల పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఆయిల్ రాయాల్సింది జర్నల్ తాకే వైపే. వెనక ఆయిల్ ఉంటే షెల్ వేడి వదలలేదు. రంధ్రం ఉన్న షెల్ రంధ్రం దగ్గరే పడాలి. క్యాపులు ఏ రాడ్‌వి ఆ రాడ్‌కే, ఏ దిక్కున ఉన్నవి ఆ దిక్కునే. ఇప్పటి చాలా రాడ్లను ఒకే ముక్కగా చేసి విరగ్గొట్టి రెండు చేస్తారు, ఆ విరిగిన ముఖాలు వాటి జోడుకు తప్ప దేనికీ కూర్చోవు. శబ్దం తగ్గడానికి క్యాప్ ముఖాన్ని ఆకురాయితో రాసేయడం, షెల్ కింద సిగరెట్ రేకు పెట్టడం లాంటి చిట్కాలు చెప్పే చోట ఇంజిన్ వదలకండి.

క్లియరెన్స్ సరిచూడటానికి ప్లాస్టిగేజ్ చాలు. ఆయిల్ తుడిచిన జర్నల్ మీద ఆ సన్నటి మైనపు తీగను పొడవునా పెట్టి, క్యాప్‌ను పూర్తి టార్క్‌తో బిగించి మళ్లీ విప్పుతారు. మధ్యలో క్రాంకు రవ్వంత కూడా తిరగకూడదు. నలిగి వెడల్పైన తీగను కవరు మీది స్కేలుతో పోలిస్తే గ్యాప్ తెలుస్తుంది. ఆకుపచ్చ రకం 0.025 నుంచి 0.076 మి.మీ. దాకా కొలుస్తుంది, కార్లకు సరిపోయేది అదే. తీగ ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా నలిగితే జర్నల్‌లో టేపర్ (ఒక చివర సన్నబడటం) ఉంది, గ్రైండింగ్ షాపుకు తిరిగి పంపాలి.

బోల్టులు చాలా ఇంజిన్లలో ఒక్కసారికే పనికొస్తాయి. మొదట తక్కువ టార్క్, తర్వాత డిగ్రీల లెక్కన తిప్పే పద్ధతిలో బోల్టు సాగిపోతుంది. పాతవి మళ్లీ వాడితే నడుస్తుండగా తెగవచ్చు. ‘చెయ్యి తెలుసు’ అనే బిగింపు ఇక్కడ చెల్లదు, టార్క్ రెంచ్, యాంగిల్ గేజ్ కావాలి. ఒక్కో క్యాప్ బిగించగానే క్రాంకును చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే అప్పుడే బిగించిన దానిలోనే తప్పు ఉంటుంది. అన్నీ బిగించాక వెతకడం కష్టం.

కడగడమే సగం పని

పోయిన షెల్ రజను ఆయిల్ వెళ్లిన ప్రతి చోటికీ వెళ్లింది. బ్లాకులోని గ్యాలరీల (ఆయిల్ దారుల) ప్లగ్గులు విప్పి, బ్రష్షుతో డీజిల్ పోసి కడిగి గాలి కొట్టాలి. క్రాంకు లోపలి దారులకూ అంతే. గ్రైండింగ్ రజను అక్కడే దాక్కుంటుంది. ఫిల్టర్ దగ్గర ఉండే ఆయిల్ కూలర్ లోపల సందులు కడిగినా వదలవు, దాన్ని మార్చడమే మంచిది. అరిగిన పంపును, ఇరుక్కునే రిలీఫ్ వాల్వ్‌ను పాత ఇంజిన్‌లోంచి కొత్త షెల్స్‌కు బహుమతిగా ఇవ్వకండి. చాలా టర్బో డీజిళ్లలో బ్లాకులో పిస్టన్‌కు ఆయిల్ చిమ్మే జెట్లు ఉంటాయి, వాటినీ చూడాలి. టర్బో కూడా అదే మురికి ఆయిల్ తాగింది కాబట్టి దాని షాఫ్టును కదిపి చూడండి, ఫీడ్ పైపును కడగండి.

స్టార్ట్ చేసేముందు ఫిల్టర్ నిలువుగా ఉండే రకమైతే ఆయిల్ నింపి బిగించండి. ఇంజెక్టర్ కప్లర్లు తీసేసి, పది పదిహేను సెకన్ల చొప్పున ఆపి ఆపి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైట్ ఆరాక, గేజ్ ఇంకా బిగించి ఉంటే దానిలో ప్రెషర్ కనిపించాక, కప్లర్లు పెట్టి స్టార్ట్ చేయాలి. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ను మళ్లీ కోసి చూడండి. కాగితం మీద అక్కడక్కడా సన్నటి మెరుపులు, కాస్త అసెంబ్లీ లూబ్ జిగట ఉండటం మామూలే. చదునైన పొరలు మళ్లీ కనిపిస్తే, శబ్దం రాకపోయినా సరే, చాంబర్ అప్పుడే దించాలి. జర్నల్ ఇంకా పాడుకాకుండా దొరికేది ఆ దశలోనే.